పాత బుల్లెట్టు అమ్మకము – చెప్పవలసిన మాట

2024వ సంవత్సరములో మేము మా మోటారు సైకిలును అమ్మివేసినాము. దానిమీద మేము కళాశాలకు వచ్చుట చూచిన విద్యార్థులు "ఎందుకమ్మినారు సార్?" అని, కమిటీ పెద్దలు "ఎంత పలికినది?" అని నేటికిని అడుగుచునే ఉన్నారు. మొదటి ప్రశ్నకు సమాధానము నడుము నొప్పి. రెండవదానికి సమాధానము ఒక అంకె. అయితే ఎట్లు అమ్మినారు అని మాత్రము ఎవరును అడుగలేదు. మాకు తోచినంతవరకు అడుగదగిన ప్రశ్న అదియే. అందుచేత సంచికకు వ్యాసము కావలెనని సంపాదకులు కోరగా, పద్యమునకో ప్రబంధమునకో పోక ఈ విషయమునే ఎత్తుకొన్నాము. సాహిత్యోపన్యాసకునికి ఇనుప సామాను గొడవ యేల అని కొందరు నవ్వవచ్చును. నవ్వనిండు.

ఆ బండి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350. మా తండ్రిగారు 1984లో కొన్నారు. ఇంగ్లండులో పుట్టిన ఆ నమూనాను 1956 నుండి మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో తయారు చేయసాగినారు. 1970 నాటికి ఇంగ్లండులోని మాతృసంస్థ మూతపడినను మద్రాసులో మాత్రము ఆ ఉత్పత్తి ఆగలేదు. సిలిండరు అడ్డుకొలత 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. అడ్డుకొలతకంటె నడక పొడవు గనుక ఇంజను వేగముగా తిరుగదు గాని తక్కువ వేగములోనే గట్టిగా లాగును. వెనుక మనిషి, ప్రక్కన సామాను పెట్టెలు ఉన్నను దోర్నాల ఘాటు ఎక్కునప్పుడు మాటిమాటికి గేరు మార్చవలసిన పని లేదు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నేటి బండ్లకు అలవాటుపడినవాడు దానిమీద ఎక్కినచో ఆగవలసిన చోట గేరు మార్చును. దానిని లేపుటయు ఒక విద్యయే. కిక్కరును మెల్లగా త్రొక్కి, అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చువరకు చూచి, డీకంప్రెషను మీటతో పిస్టనును ఆ స్థానము దాటించి, కిక్కరును పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా ఒక్క త్రొక్కుడు త్రొక్కవలెను. ఆత్రపడినవానికి అది కాలిమీద ఎదురుదెబ్బ కొట్టును.

తండ్రిగారు దానిమీద కర్నూలునుండి హంపికి, బెంగుళూరుకు, హైదరాబాదుకు పోయివచ్చినారు. చిన్నతనములో మేము పెట్రోలు ట్యాంకుమీద కూర్చొని నంద్యాల వరకు పోయిన జ్ఞాపకము ఇంకను ఉన్నది.

"బాగా చూచుకొన్న బండి" అను మాటను సంతలోను వినుచున్నాము, పత్రికా ప్రకటనలలోను చూచుచున్నాము. ఆ మాటకు లోకము చెప్పుకొను అర్థము మెరుపు. ట్యాంకుమీద ముఖము కనబడినచో బండి మంచిది. మా తండ్రిగారికి మెరుపుమీద అంత శ్రద్ధ లేదు. ఆయనకొక నోటుపుస్తకము ఉండెడిది. ఇంజను ఆయిలు ఎన్ని కిలోమీటర్లకు మార్చినది, కాంటాక్టు పాయింట్లు ఎప్పుడు గీకి సరిచేసినది, చైను ఎప్పుడు వేసినది, బోరు ఎన్నిసార్లు చేయించినది, అన్నియు తేదీలతో వ్రాసిపెట్టినారు. కొన్ని పుటలలో ఆయిలు మరకలకు అక్షరములు కనబడవు. టాపెట్లను ఇంజను చల్లగా ఉన్నప్పుడే సరిచేయవలెననియు, పుష్ రాడ్డు వ్రేళ్ళతో సులువుగా తిరుగవలెను గాని పైకి క్రిందికి ఊగరాదనియు అట్ట లోపలివైపున ఉర్దూలో వ్రాసుకొన్నారు. బండిని చూచుకొనుట అనగా దాని రోగములను వ్రాసిపెట్టుకొనుట అని మేము ఆ పుస్తకమునుండి నేర్చినాము.

ఆ పుస్తకములో మా చేవ్రాలుతో ఒక పద్దు ఉన్నది. 2011లో వానకాలమున శ్రీశైలమునుండి తిరిగి వచ్చుచు ఘాటు మలుపులో పడినాము. మాకు మోచేయి చీరుకొన్నది. బండికి ఫ్రేములోని ముందు గొట్టము వంగి, క్రింది భాగమున సన్నని పగులు వచ్చినది. ఉస్తాద్ దానిని సరిచేసి, వెల్డింగు పెట్టి, ఆకురాయితో నునుపుచేసి, నల్లరంగు వేసినాడు. ఆ తరువాత పదమూడేండ్లు అది మమ్ములను మోసినది. ఎక్కడ అతికినదో మేము వ్రేలు పెట్టి చూపిననే గాని ఎంతటివానికిని కనబడదు.

తండ్రిగారు 2019లో గతించినారు. యజమాని మరణించినచో ముప్పది దినములలో రవాణా కార్యాలయమునకు తెలిపి, మూడు నెలలలో 31వ నంబరు ఫారముతో వారసుడు తన పేరిట మార్పించుకొనవలెను. మేము నాలుగేండ్లు ఆ పని చేయలేదు. దుఃఖము అని చెప్పుకొంటిమి గాని నిజమునకు అది బద్ధకము. ఈలోగా నడుము నొప్పి ముదిరినది, బండి మెట్ల క్రింద నిలిచిపోయినది. నిలిచిన బండి నడిచిన బండికంటె త్వరగా చెడును. కార్బురేటరులో పెట్రోలు జిగురుగా పేరుకొనును, బ్యాటరీ చచ్చును, రబ్బరు సీళ్ళు ఎండి ఆయిలు కారును. తండ్రిగారి బండిని తుప్పునకు అప్పగించుటకంటె నడుపువానికి అప్పగించుట మేలని 2023లో పత్రములు మా పేరిట మార్పించుకొని, మరుసటి ఏడు అమ్మకమునకు పెట్టినాము.

మొదట ఒక వ్యాపారి వచ్చినాడు. లక్షా ముప్పదివేలు ఇత్తుననినాడు. రంగు వేసి, క్రోమియము పూయించి, "వింటేజ్" అని పేరుపెట్టి నగరములో అమ్మునట. 2021 నాటి నిబంధనల ప్రకారము ఏబది ఏండ్లు దాటి, అసలు రూపము చెడని వాహనమునకే ఆ పేరు చెల్లును. అట్లు నమోదైన వాహనమును నిత్యము రోడ్డుపై నడుపుటకును వీలులేదు. నలువదేండ్ల బండికి ఆ పేరు ఎట్లు తగునని మేము అడుగగా ఆయన నవ్వినాడు. వెల్డింగు సంగతి చెప్పగా, "అడగని మాట చెప్పడమెందుకు సార్? కొనేవాడికి కళ్ళు లేవా?" అన్నాడు.

ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. చట్టము చాలవరకు ఆయన పక్షముననే ఉన్నది. 1930 నాటి వస్తు విక్రయ చట్టములోని 16వ సెక్షను ప్రకారము, అందే పేర్కొన్న సందర్భములలో తప్ప, వస్తువు నాణ్యతకు అమ్మువాడు హామీ ఇచ్చినట్లు కాదు. కొనువాడే చూచుకొనవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 17వ సెక్షను క్రింద గుర్రమును గూర్చిన ఉదాహరణలు ఉన్నవి. రోగమున్నదని తెలిసియు ఒకడు తన గుర్రమును వేలములో అమ్మి, ఏమియు చెప్పకున్నచో అది మోసము కాదు. అయితే కొనునది అప్పుడే వయస్సు వచ్చిన అతని కుమార్తె యైనచో, ఆ సంబంధమును బట్టి చెప్పుట అతని విధి. మూడవ ఉదాహరణ ఇంకను సొగసైనది. "నీవు కాదనకున్నచో గుర్రము బాగున్నదనియే అనుకొందును" అని కొనువాడు చెప్పగా అమ్మువాడు ఊరకున్నాడనుకొందము. అప్పుడు ఆ మౌనమే మాటతో సమానము.

మా వాదమంతయు ఈ మూడవ గుర్రముమీద ఆధారపడియున్నది. పాడుబడిన బండిని కొనవచ్చినవాడు దానిని అణువణువు పరీక్షించును. చక్కగా ఉంచిన బండిని, తేదీలు వేసిన నోటుపుస్తకమును చూచినవాడు అంతగా వంగి చూడడు. మన శ్రద్ధయే అతని కన్నులను మూయును. "బాగా చూచుకొన్నాము" అని మనము చెప్పుచున్నప్పుడే, "అట్లయిన ఇది బాగున్నదనియే అనుకొందును" అని అతడు మనస్సులో చెప్పుచున్నాడు. కావున బండిని ఎంత బాగా ఉంచితిమో, దాని లోపమును చెప్పవలసిన బాధ్యత అంత పెరుగును. వ్యాపారి లెక్కకు ఇది సరిగా తలక్రిందులు. కొనువాడు కుమార్తెయా, పరాయివాడా అను ప్రశ్న మాకు ఇందులో ముఖ్యముగా తోచలేదు. విరిగిన గొట్టము ఇరువురినీ ఒక్కతీరుననే పడవేయును.

తరువాత వచ్చినవాడు మా పూర్వ విద్యార్థియే. లక్షా పదునైదువేలకు మాట కుదిరినది. లడఖ్ పోవలెనని అతని కోరిక. మేము నోటుపుస్తకము తెరచి 2011 పద్దు చూపినాము, బండి దగ్గరకు తీసికొనిపోయి అతని వ్రేలు పట్టి ఆ చోట ఉంచినాము. అతడు చాలసేపు కూర్చొని, "మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు సార్" అని, టీ త్రాగి వెళ్ళిపోయినాడు. మరి రాలేదు. మా మనస్సు చివుక్కుమన్న మాట నిజము. నిజము చెప్పినవానికి వెంటనే మెప్పు దొరకునని మేమును లోలోపల ఆశపడితిమి కాబోలు. అతడు చేసినదే సరియైన పని. అతుకు పడిన ఫ్రేముతో ఆ కొండదారులకు పొమ్మని మేమైనను చెప్పము.

రెండు నెలలు ఎవరును రాలేదు. మా యింటిలోనివారు ఆ వ్యాపారి అంకెను పలుమార్లు జ్ఞాపకము చేసినారు.

చివరకు ఆదోని ప్రాంతమునుండి ఒక మెకానిక్కు వచ్చినాడు. భార్యతో గుల్బర్గా దర్గాకు పోయివచ్చుటకు నిదానమైన బండి కావలెననినాడు. వెల్డింగు మాట చెప్పగనే జేబులోనుండి చిన్న చాకు తీసి, మా అనుమతితో ఆ చోట రంగు గీకి, స్పానరుతో తట్టి చెవి ఒగ్గి విన్నాడు. "అతుకు మంచిదే సాబ్. కానీ పట్టీ ఒకటి వేయాల" అని పదమూడువేలు తగ్గించి అడిగినాడు. లక్షా రెండువేలకు ఒప్పుకొన్నాము.

ఇక్కడ విద్యార్థులకు ఒక మాట. మీలో చాలమంది పాత బండ్లను సంతకము చేసిన ఖాళీ ఫారములతో కొనుచున్నారు, అట్లే మరియొకరికి అమ్ముచున్నారు. 29, 30 నంబర్ల ఫారములు అందుకొరకు పుట్టలేదు. ఒకే రాష్ట్రములో అమ్మినచో అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను తెలియజేయవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. బండి ఎన్ని చేతులు మారినను, కార్యాలయపు పుస్తకములో ఎవరి పేరున్నదో అతడే యజమాని, ప్రమాద పరిహారమునకు అతడే బాధ్యుడు అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఎప్పుడో అమ్మిన బండికి, ముఖమెరుగని వాడు చేసిన ప్రమాదమునకు, మీ తండ్రి పొలము అమ్మవలసి రావచ్చును.

అందుచేత మేము మెకానిక్కుతో కలిసి రవాణా కార్యాలయమునకు పోయి ఫారములు ఇచ్చినాము. నోటుపుస్తకమును కూడ అతనికే ఇచ్చినాము. అట్టమీది ఉర్దూ తనకు చదువరాదనగా, టాపెట్ల సంగతి తెలుగులో వ్రాసి లోపల అంటించినాము. ధరలో ఐదువేలు మాత్రము అతని దగ్గరనే ఉంచుమని, కొత్త పత్రము అతని పేరిట చేతికి వచ్చిన దినముననే తీసికొన్నాము.