తానీషా చెర, తెగిన చరణాలు

శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు పెడితే జనగామలోనైనా, మానుకోటలోనైనా, భూపాలపల్లిలోనైనా తెల్లవారేసరికి రామదాసు పాట మోగాల్సిందే. ఆ పాట రామదాసు కట్టిందా, రామదాసు మీద తీసిన సినిమా కోసం ఇంకెవరో రాసిందా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. కె. రాఘవేంద్రరావు తీసిన 'శ్రీరామదాసు' 2006లో వచ్చాక ఆ రెండూ ఒకే క్యాసెట్టులో, ఒకే గొంతుల్లో కలిసిపోయాయి. సంగీతం తెలిసినవాళ్లకు ఇది కంటగింపు. మామూలు భక్తుడికి పట్టింపే లేదు. ఇద్దరి వాదనలోనూ పస ఉంది.

కంచర్ల గోపన్న 17వ శతాబ్దపు మనిషి. ఊరు నేలకొండపల్లి. గోల్కొండలో అబుల్ హసన్ తానీషా దగ్గర మంత్రులైన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి జైలుపాలయ్యాడు. ఐరోపాలో బరోక్ సంగీతం వెలుగుతున్న కాలం అది. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ కొలువులో లుల్లీ ఒపేరాలు కడుతున్నాడు. లుల్లీ చనిపోయిన 1687లోనే గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. పాటలు కట్టి జైలుకెళ్లినవాడు గోపన్న ఒక్కడే కాదు. కొలువు మారతానని పట్టుబట్టినందుకు జర్మన్ స్వరకర్త బాఖ్‌ను 1717లో వైమార్ డ్యూకు దాదాపు నెలరోజులు నిర్బంధించాడు.

సినిమాను తప్పుపట్టేవాళ్లు మొదట చరిత్ర తీస్తారు. రామదాసుకు తారకమంత్రం ఉపదేశించింది కబీరుదాసు అని కథ. 2006 సినిమాలో ఆ పాత్ర అక్కినేని నాగేశ్వరరావుది. కబీరు 15వ శతాబ్దంవాడు, గోపన్నకు రెండు వందల ఏళ్ల ముందటి మనిషి. చెరసాల పన్నెండేళ్లన్నదీ అంత తేలిగ్గా మింగుడుపడదు. తానీషా ఏలిందే 1672 నుంచి 1687 దాకా. ఆ కాలంలో ఎక్కువ భాగం మాదన్నే దివాను. మేనమామ చేతిలో రాజ్యం ఉండగా మేనల్లుడు అన్నేళ్లు చీకటి కొట్లో ఎలా మగ్గాడన్నది చరిత్రకారుడు అడగక తప్పని ప్రశ్న. సినిమా దాన్ని అడగదు. పైగా కథానాయకుడు నాగార్జున కాబట్టి మొదటి సగంలో డ్యూయెట్లు కూడా ఉండాలి.

అయితే వీటిలో డ్యూయెట్లు తప్ప మిగతావేవీ సినిమా పుట్టించినవి కావు. కబీరూ, పన్నెండేళ్లూ, రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు టంకాలు లెక్కకట్టి చెల్లించిన రామలక్ష్మణులూ, అన్నీ హరిదాసుల నోట నలిగి, ధర్మవరం గోపాలాచార్యుల 'రామదాసు' లాంటి నాటకాల మీదుగా తెర దాకా నడిచొచ్చినవే. సినిమా వాటిని అందుకుంది, అంతే. ఆ కథలో ఒక పెద్ద మనసు కూడా ఉంది. జీవితమంతా పిలిచిన భక్తుడికి కనపడని రాముడు ముందు తానీషాకు కనపడతాడు. ముస్లిం రాజును రాక్షసుడిగా చూపించడం ఎంత సులువో తెలిసిన ఈ రోజుల్లో, రాముడు నిద్రలేపి మరీ దర్శనమిచ్చిన రాజుగా తానీషాను నిలిపిన ఆ ఘట్టాన్ని చరిత్ర కాదని కొట్టేయడానికి నాకైతే చేతులు రావు.

జీవితం విషయంలో మనవాళ్లు ఎప్పుడూ ఉదారులే. జనగామ జిల్లా బమ్మెరవాడైన పోతన ముఖం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు కానీ, 1943 నాటి 'భక్త పోతన' తర్వాత అది చిత్తూరు నాగయ్య ముఖమైపోయింది. 1946లో అదే ముఖం త్యాగయ్యది. 1964లో ఆయనే దర్శకత్వం వహించి నటించిన 'రామదాసు'లో రామదాసుది. ముగ్గురు భక్తులు, ఒకే నామం, ఒకే కన్నీరు. దీనివల్ల నష్టపోయిందెవరో నాకు తోచదు.

నా పేచీ పాట దగ్గర. 'ఇక్ష్వాకు కులతిలక' తీసుకోండి. అది కీర్తనే కాదు, తహసీల్దారు దాఖలు చేసిన లెక్కల చిట్టా కూడా. భరతుడికి ఏ నగ చేయించాడో, శత్రుఘ్నుడికి ఏదో, లక్ష్మణుడికీ సీతమ్మకూ ఏవో, ఒక్కో దానికి ఎన్ని వరహాలో, ఎన్ని మొహరీలో వరసగా చెబుతాడు. ఇదంతా నీ తండ్రి పంపాడా, మామ పంపాడా అని దేవుణ్ణే నిలదీస్తాడు. చివరికి, దెబ్బలకు ఓర్చుకోలేక నోరుజారానని వేడుకుంటాడు. లెక్క, కోపం, లొంగుబాటు ఆ వరసలో వస్తేనే నాటకం. ఆ చరణాలన్నీ పాడితే జైలు సీనుకు వేరే మాటలే అక్కర్లేదు. సినిమాకు అంత తీరిక ఉండదు. నాలుగు చరణాలు తీసేస్తే మిగిలేది కొరడా చప్పుడుకు నేపథ్య సంగీతం.

తీరిక లేకపోవడం తెర స్వభావం కాదు, దర్శకుడి నిర్ణయం. స్ట్రాబ్, హ్యుయే దంపతులు 1968లో బాఖ్ భార్య అన్నా మాగ్దలేనా పేరుమీద తీసిన సినిమాలో హార్ప్‌సికార్డ్ విద్వాంసుడు గుస్తావ్ లియోన్‌హార్ట్‌నే బాఖ్‌గా కూర్చోబెట్టారు. కెమెరా ముందు నిజంగా వాయిస్తుంటే, కదలకుండా నిమిషాల తరబడి చూపించారు. జీవితం పాటల మధ్య సందుల్లో వినిపిస్తుంది. ఆ సినిమాను జనగామ థియేటర్లో వేస్తే ఇంటర్వెల్ దాకా ఎంతమంది ఉంటారన్నది వేరే సంగతి, నేనూ ఆవులిస్తానేమో. కానీ పాటతోనే కథ నడపడం మన వైపు కొత్త కాదు. రాత్రంతా ఆడే చిందు యక్షగానంలో పాత్ర తన గోడు పాడుకుంటూనే వేదిక మీదికి వస్తుంది. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది ఆ కళకే. ఊరి జనం తెల్లవార్లూ కూర్చుని పాట వినగలరన్నదానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక్కడ సినిమా పక్షానికి గట్టి జవాబొకటి ఉంది, దాన్ని దాటేయకూడదు. బాఖ్ స్వరాలు ఆయన చేతిరాతలో ఉన్నాయి. రామదాసు బాణీలు కాగితమ్మీద లేవు. నోటినుంచి నోటికి సాగి, తూము నర్సింహదాసు లాంటి భక్తుల భజనల్లో నిలిచి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో కచేరీకీ రేడియో భక్తిరంజనికీ ఎక్కాయి. 'పలుకే బంగారమాయెనా' అనగానే మనకు తోచే ఆనందభైరవి నడక చాలావరకు ఆయన చలవే. అలాంటప్పుడు 'శ్రీరామదాసు'కు సంగీతమిచ్చిన కీరవాణి ఒక బాణీని మార్చాడని కోప్పడితే, అసలు బాణీ ఏదో చూపించాల్సిన బాధ్యత కోప్పడినవాళ్లదే అవుతుంది. ఆ సినిమా వచ్చాకే కీర్తన నోటపట్టిన పిల్లలూ ఉన్నారు. డోర్నకల్ జంక్షన్‌లో దిగి భద్రాచలం రోడ్డు బండి కోసం ఎదురుచూసే యాత్రికుడు కూనిరాగం తీసేటప్పుడు అది రేడియోదా, సినిమాదా అని చూసుకోడు.

బాణీ మీద పేచీ నిలబడదు కాబట్టి దాన్ని వదిలేయవచ్చు. చరణాల మీద పేచీని వదలలేను. బాణీ పోయినా సాహిత్యం మిగిలింది, అందులో ఆ మనిషి వేసిన లెక్క ఉంది. భద్రాచలం గుడిలో నేటికీ చూపించే నగలు ఆ లెక్కకు సాక్ష్యం. కబీరును రెండు వందల ఏళ్లు ముందుకు జరిపినా కథ చెడలేదు. శత్రుఘ్నుడి నగను పాటలోంచి తీసేస్తే మాత్రం చిట్టాలో ఒక పద్దు తగ్గుతుంది, గోపన్న జైల్లో ఉన్నది ఆ పద్దుల కోసమే.