మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్లు తర్వాత లెక్కపెడదాం, ముందు టెంపో ట్రాక్ చూడండి

కొత్త మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఏదైనా వచ్చిందంటే అందరూ ముందు అడిగేవి ఇవే: ఎన్ని ఇన్‌స్ట్రుమెంట్లు ఇస్తున్నారు? ఎన్ని జీబీల లూప్స్ ఉన్నాయి? ఏఐ ఫీచర్ ఏంటి? ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ మాత్రమే చూసి మురిసిపోవడం లాంటిదే ఇది. నా అభిప్రాయంలో, మీరు మొదలుపెట్టిన పాట పూర్తవుతుందా లేదా అన్నది తేల్చేవి రెండే విషయాలు. టెంపోని ఎంత వివరంగా ఎడిట్ చేయొచ్చు? ప్రాజెక్ట్‌ని ఎంత భద్రంగా దాచుకోవచ్చు? ఈ రెండూ డెమో వీడియోల్లో పెద్దగా కనిపించవు. వాటి విలువ తెలిసేది పాట సగంలో ఉన్నప్పుడే.

టెంపో అంటే ఒక్క నంబర్ కాదు

టెంపోని బీపీఎంలో చెబుతాం, అంటే నిమిషానికి ఎన్ని బీట్లు అని. 60,000ని బీపీఎంతో భాగిస్తే ఒక్కో బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వచ్చేస్తుంది. 120 అయితే 500, 100 అయితే 600. ఇంతవరకు సింపుల్. కానీ మనుషులు ఈ లెక్క ప్రకారం పాడరు.

క్లిక్ వినకుండా డోలక్‌తో పాడిన పాట సగటున 100.5 బీపీఎంలో నడిచిందనుకుందాం. ప్రాజెక్ట్ 100 దగ్గర ఉంది. అర పాయింటే కదా అనిపిస్తుంది. నాలుగు నిమిషాలు గడిచేసరికి పాట గ్రిడ్ కంటే రెండు బీట్లు ముందుకెళ్లిపోతుంది. మీరు కలిపిన డ్రమ్స్ ఒక దారి, గొంతు ఇంకో దారి.

ఇక మన పాటల సంగతికొస్తే, కోలాటం మెల్లగా మొదలై పోనుపోను వేగం అందుకుంటుంది. ఆ వేగం పెరగడంలోనే ఉంది మజా అంతా. దాన్ని తీసుకెళ్లి ఒకే బీపీఎంకి కట్టేస్తే మిగిలేది మాటలే. మిశ్ర చాపులో ఉన్న పాట అయితే లెక్క 7. ప్రాజెక్ట్‌ని మామూలుగా వచ్చే నాలుగు బీట్ల బార్‌లోనే వదిలేస్తే బార్ గీతలకీ తాళం ఎత్తుగడకీ పొంతన ఉండదు. అందుకే టెంపోతో పాటు టైమ్ సిగ్నేచర్‌ని కూడా పాట మధ్యలో మార్చుకునే వీలుండాలి.

ఈ విషయంలో అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకటి కాదు. గ్యారేజ్‌బ్యాండ్‌నే తీసుకోండి. మ్యాక్‌లో దానికి టెంపో ట్రాక్ ఉంది, ఐఫోన్ వెర్షన్‌లో మాత్రం పాట మొత్తానికి ఒకే టెంపో. పేరు ఒకటే అయినా చేయగలిగే పని వేరు.

పాటని గ్రిడ్‌కి లాగొద్దు, గ్రిడ్‌ని పాటకి వంచండి

టెంపో కలవనప్పుడు దారులు రెండు. ఆడియోని సాగదీసి గ్రిడ్ మీద కూర్చోబెట్టడం ఒకటి. ఆడియోని ముట్టుకోకుండా, దాని నడకకి తగ్గట్టు గ్రిడ్‌ని మార్చడం రెండోది. దీన్నే టెంపో మ్యాప్ అంటారు. చాలా ట్యుటోరియల్స్ మొదటి దారే చూపిస్తాయి, ఎందుకంటే అది త్వరగా అయిపోతుంది. నా ఓటు మాత్రం రెండో దానికి.

మా ఫ్రెండ్ ఒకడి దగ్గర వాళ్ల నాయనమ్మ పాడిన నాట్ల పాట ఫోన్ రికార్డింగ్ ఉంది. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ పాటకి కొత్తగా బీట్ కలపాలని వాడి కోరిక. గొంతుని సాగదీస్తే అక్షరాలు రోబో మాట్లాడినట్టు అవుతాయి, ఆవిడ ఊపిరి తీసుకునే చోట్లు నలిగిపోతాయి. అందుకే రీపర్‌లో ప్రాజెక్ట్ టైమ్‌బేస్‌ని టైమ్‌కి మార్చి ఆడియో కదలకుండా చేశాం. తర్వాత ఆవిడ ఎత్తుకున్న ప్రతి పాదం దగ్గర టెంపో మార్కర్ పెట్టుకుంటూ వెళ్లాం. ఒక సాయంత్రం మొత్తం పట్టింది. మిడి డ్రమ్స్ ఆ మార్కర్ల వెంటే నడిచాయి. ఆవిడ తొందరపడిన చోట బీట్ కూడా తొందరపడింది, ఆగిన చోట ఆగింది. పాట ఆవిడదిగానే మిగిలింది.

మిగతా వాటిలోనూ ఈ పనికి దారులున్నాయి. లాజిక్ ప్రోలో 2018లో వచ్చిన 10.4 వెర్షన్ నుంచి స్మార్ట్ టెంపో ఉంది. అడాప్ట్ మోడ్‌లో పెడితే మీరు వాయించిన దాన్ని బట్టి అదే టెంపో మ్యాప్ గీస్తుంది. క్యూబేస్‌లో టెంపో ట్రాక్‌తో పాటు, ప్రతి ట్రాక్‌నీ మ్యూజికల్‌గా ఉంచాలా లీనియర్‌గా ఉంచాలా అని ఎంచుకోవచ్చు. ఎఫ్ఎల్ స్టూడియోలో టెంపో మీద రైట్ క్లిక్ చేసి ఆటోమేషన్ క్లిప్ తయారు చేసుకోవచ్చు.

ఏది వాడినా ముందు ఒక్కటి తేల్చుకోండి: టెంపో మార్చినప్పుడు ఆడియో ఏమవుతుంది? కదలకుండా ఉండొచ్చు, శ్రుతి మారకుండా సాగొచ్చు, లేదా పాత టేపులాగా వేగంతో పాటు శ్రుతి కూడా మారొచ్చు. మూడో రకంలో 90 నుంచి 100కి వెళ్తే గొంతు దాదాపు రెండు సెమీటోన్లు పైకెళ్తుంది.

"నేను చేసేది డీజే మిక్సులు, ట్రాప్ బీట్లు, నాకెందుకు ఇదంతా?" అనొచ్చు. నిజమే, అక్కడ ఒకే టెంపో చాలు. అయినా ఆ టెంపో ఎంతో వోకల్స్ రికార్డ్ చేసేముందే ఖాయం చేసుకోండి. మిడి మాత్రమే ఉన్నప్పుడు 98 నుంచి 104కి మార్చడం ఒక్క సెకను పని. పది వోకల్ ట్రాకులు వచ్చాక అదే మార్పుకి ప్రతి ట్రాక్‌నీ మళ్లీ వినాల్సి వస్తుంది.

ప్రాజెక్ట్ ఫైల్‌ని కాపీ చేస్తే సరిపోదు

ఇక రెండో విషయం. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లలో ప్రాజెక్ట్ ఫైల్ అంటే చాలావరకు ఒక లిస్ట్ మాత్రమే. ఏ ఆడియో ఎక్కడుంది, ఏ బార్‌లో మొదలవ్వాలి, ఏ ఎఫెక్ట్ ఎంత ఉండాలి అన్నవే అందులో ఉంటాయి. ఆడియో విడిగా ఏదో ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ ఒక్క ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఫైల్స్ మిస్సింగ్ అని వస్తుంది.

దీనికి మందు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ఏబుల్‌టన్ లైవ్‌లో కలెక్ట్ ఆల్ అండ్ సేవ్, ఎఫ్ఎల్ స్టూడియోలో జిప్డ్ లూప్ ప్యాకేజ్, రీపర్‌లో సేవ్ యాజ్ చేసేటప్పుడు మీడియా ఫైల్స్‌ని కూడా కాపీ చేయమనే టిక్. పేర్లు వేరైనా పని ఒకటే: అంతా ఒక్క చోటికి చేర్చడం. స్టోరేజ్ లెక్క కూడా చూసుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో రికార్డింగ్ నిమిషానికి 8.64 ఎంబీ. నాలుగు నిమిషాల పాటకి పది ట్రాకులంటే సుమారు 346 ఎంబీ. ప్రతి ట్రాక్‌కీ మూడు నాలుగు టేకులు ఉంచుకుంటే ఒక జీబీ దాటేస్తుంది.

"ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్" అనే పేర్లకి ఇక సెలవివ్వండి. పాట పేరు, టెంపో, వెర్షన్ నంబర్ చాలు: "కోలాటం 104 వెర్షన్ 03". టెంపో మార్చే ప్రతిసారీ ముందు కొత్త వెర్షన్‌గా సేవ్ చేయండి. బ్యాండ్‌ల్యాబ్ పాత రివిజన్లని క్లౌడ్‌లో తనంతట తానే ఉంచుతుంది, అది నాకు నచ్చిన విషయం. కానీ క్లౌడ్ ఒక్కటే మీ బ్యాకప్ కాకూడదు.

ట్రయల్ వెర్షన్‌తో మొదలుపెట్టే స్టూడెంట్స్‌కి ఒక హెచ్చరిక. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో ప్రాజెక్ట్ సేవ్ అవుతుంది, కానీ కొనేదాకా దాన్ని తిరిగి తెరవలేరు. రీపర్ 60 రోజుల ట్రయల్‌లో అలాంటి అడ్డు లేదు. పాట పూర్తయ్యాక ప్రతి ట్రాక్‌నీ మొదటి బార్ నుంచి వేవ్ ఫైల్‌గా తీసి, దాంతో పాటు ఒక మిడి ఫైల్ కూడా ఎక్స్‌పోర్ట్ చేయండి. మిడి ఫైల్ టెంపో మ్యాప్‌ని కూడా మోసుకెళ్లగలదు. పదేళ్ల తర్వాత ఇప్పటి సాఫ్ట్‌వేర్ లేకపోయినా పాట తెరుచుకుంటుంది.

కొనేముందు ఇలా పరీక్షించండి

మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతూ ఒక నిమిషం చప్పట్లు కొట్టి ఫోన్‌లో రికార్డ్ చేయండి. దాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, ఆడియోని సాగదీయకుండా డ్రమ్స్ దాని వెంట నడిచేలా చేసి చూడండి. తర్వాత ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని వేరే కంప్యూటర్‌లోకి మార్చి తెరవండి. ఫోన్ యాప్ అయితే వేరే ఫోన్‌లో తెరవండి. ఈ రెండూ సాఫీగా జరిగితే, అప్పుడు ప్లగిన్ల లిస్ట్ చూడండి. జరగకపోతే అది ఎన్ని జీబీల లూప్స్ ఇచ్చినా నేనైతే తీసుకోను.