ఢిల్లీ పొగలో బరువు తగ్గే లెక్క

2025 ఫిబ్రవరిలో 'మన్ కీ బాత్'లో ప్రధాని నరేంద్ర మోదీ ఊబకాయం గురించి మాట్లాడుతూ వంటనూనె వాడకం 10 శాతం తగ్గించుకోవాలని కోరారు. అదే ఏడాది నవంబరు 19న సుప్రీంకోర్టు, ఢిల్లీ చుట్టుపక్కల బడుల్లో నవంబరు, డిసెంబరుల్లో జరగాల్సిన క్రీడాపోటీలను గాలి బాగుండే నెలలకు మార్చే విషయం పరిశీలించాలని వాయు నాణ్యత నిర్వహణ కమిషన్‌కు సూచించింది. ఆ వెంటనే ఢిల్లీ ప్రభుత్వం ఆరుబయట ఆటలు ఆపమని బడులకు చెప్పింది. బరువు తగ్గాలంటే తక్కువ తినాలి, ఎక్కువ కదలాలి అని డాక్టర్లు చెప్పే సలహాలో రెండో సగం రాజధానిలో ఏటా కొన్ని నెలల పాటు మూతపడుతోంది.

దీన్ని చిన్న విషయంగా తీసెయ్యలేం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఢిల్లీలో 41 శాతం పైగా మహిళలు, 38 శాతం పురుషులు అధిక బరువుతో ఉన్నారు. దేశ సగటు 24, 23 శాతాల దగ్గరే ఉంది. పైగా సర్వే లెక్కలోకి తీసుకున్నది బీఎంఐ 25, అంతకు మించినవాళ్లను. భారతీయులకు 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన వైద్యులు 2009లోనే ప్రమాణాలు పెట్టుకున్నారు. ఆ కొలత వేస్తే అంకెలు ఇంకా పెరుగుతాయి.

చలికాలంలో తెల్లవారుజామున చల్లటి గాలి నేలకు అంటుకుని పొగను పైకి పోనివ్వదు. లోధీ గార్డెన్‌లోనైనా, నోయిడా సెక్టార్ పార్కుల్లోనైనా జనం నడిచే వేళ సరిగ్గా అదే. వేగంగా నడిచే మనిషి కూర్చున్న మనిషి కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాడు. 2024 నవంబరు 18న ఢిల్లీ వాయు నాణ్యత సూచీ 494కు చేరింది. అలాంటి రోజున మార్నింగ్ వాక్ మానుకోవడాన్ని బద్ధకం అనలేం. బయటికి వెళ్లక తప్పదనుకుంటే పొద్దుటి కంటే మధ్యాహ్నం కొంత నయం.

మరి ఆ నడక పోతే నష్టం ఎంత? 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే, కూర్చున్నా ఎలాగూ ఖర్చయ్యేది తీసేయగా, అదనంగా కరిగేది 180 నుంచి 200 కేలరీలు. ఇప్పుడు నూనె సంగతి చూద్దాం. నీతి ఆయోగ్ 2024 నివేదిక ప్రకారం మన తలసరి వంటనూనె వినియోగం ఏడాదికి 19.7 కిలోలు. అంటే రోజుకు 54 గ్రాములు, గ్రాముకు 9 కేలరీల చొప్పున 486 కేలరీలు. ప్రధాని చెప్పిన 10 శాతం తగ్గిస్తే మిగిలేది రోజుకు 48 కేలరీలే, పావుగంట నడకతో సమానం. అదే ఐసీఎంఆర్ సూచించిన 12 కిలోలకు దిగితే రోజుకు 190 కేలరీలు తగ్గుతాయి. గంట నడకకు సరిపోయినట్టే.

కాబట్టి పొగ నెలల్లో బరువు పని ప్రధానంగా వంటింటి మీద పడుతుంది. చిక్కేమిటంటే, ఆ నెలలే పెళ్లిళ్ల సీజన్. పరాఠాలు, గాజర్ హల్వా కాలం. తెలుగువాళ్లకైతే అశోకా రోడ్డు ఆంధ్రాభవన్‌లో అడిగినంత వడ్డించే భోజనం ఉండనే ఉంది. నూనె మొత్తం ఇంటి బాణలిలోనే ఉండదు. సమోసాలో, మిక్చర్ పొట్లంలో, ఆర్డర్ చేసిన కూరలో ఉంటుంది. ఇంటి సీసాను మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుంది.

తిండి తగ్గిస్తే చాలు, వ్యాయామం అక్కర్లేదా అంటే, అదీ పొరపాటే. తిండి ఒక్కటే తగ్గించి బరువు దిగినప్పుడు పోయేది కొవ్వే కాదు. దాదాపు పావు వంతు కండ కూడా పోతుంది. సన్నగా కనిపించినా పొట్ట దగ్గర కొవ్వు పేరుకునే మన ఒంటికి ఇది మరీ చేటు, ఎందుకంటే రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా చూసేదీ వ్యాయామమే. గుంజీలు, గోడకు ఆనుకుని చేసే దండాలు, నీళ్ల సీసాలు ఎత్తడం వారానికి రెండు మూడుసార్లు గదిలోనే చేసుకోవచ్చు. భోజనంలో పప్పు, పెరుగు, గుడ్డు తగ్గకూడదు. తగ్గించాల్సింది నూనె, తీపి, అన్నం మారు వడ్డన. జిమ్‌కు వెళ్లేవాళ్లు ఒకటి అడగాలి: అక్కడ గాలి వడపోత ఉందా? తలుపులు మూసినంత మాత్రాన సన్నని ధూళి ఆగదు.

ఈ సలహాలన్నీ ఒక గది ఖాళీగా ఉన్నవాళ్లకు. గురుగ్రామ్ అపార్టుమెంటు గేటు దగ్గర 12 గంటలు కూర్చునే సెక్యూరిటీ గార్డుకు ఎయిర్ ప్యూరిఫయర్ లేదు, గుంజీలు తీసే చోటూ లేదు. అదే గురుగ్రామ్ 2013లో ఆదివారాలు రోడ్లు మూసి జనాన్ని నడిపించిన 'రాహ్‌గీరీ డే'తో దేశానికి దారి చూపింది. నూనె తగ్గించమని ఇంటింటికీ చెప్పడం తేలిక, ఖర్చు లేని పని. గాలి శుభ్రం చేయడం, వార్డుకో వడపోత ఉన్న వ్యాయామశాల కట్టడం ప్రభుత్వాలు చేయాల్సిన పని. అందులోనే వెనకబాటు.

బడుల విషయంలో ఇంకో ముడి ఉంది. పోటీలు మారుస్తారు సరే, ఏ నెలకు? ఫిబ్రవరిలో గాలి కాస్త తేలికపడేసరికి బోర్డు పరీక్షలు మొదలవుతాయి. ఏప్రిల్ దాటితే 40 డిగ్రీల ఎండ.