టెంకాయ చిప్ప

టెంకాయ కొట్టి, పచ్చడికి కొబ్బరి తీసుకున్నాక ఆ చిప్పనేం చేస్తారు? పొయ్యిలోకో, పెరట్లోకో విసిరేస్తాం. ఇంట్లో దానికున్న విలువ అంతే కదా! కానీ అలాంటి చిప్ప ఒకటి చేతబట్టుకుని, పాడుబడుతున్న గుడిని నిలబెట్టినాయన ఒకరున్నారు. కష్టాల్లో దేవుణ్ణి నమ్ముకోవడమంటే ఏమిటా అని ఆలోచించినప్పుడల్లా నాకు ఆ చిప్పే గుర్తుకొస్తుంది.

కడప నుంచి తిరుపతి వెళ్ళే దారిలో పాతిక కిలోమీటర్లు పోతే ఒంటిమిట్ట వస్తుంది. అక్కడి కోదండరాముణ్ణి మీలో చాలామంది చూసే ఉంటారు. 2015లో ఆ గుడి తిరుమల తిరుపతి దేవస్థానాల పరిధిలోకి వచ్చింది. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, కల్యాణానికి వేలాది జనం... ఇప్పుడు ఆ వైభవమే వేరు. ఒకప్పుడు అలా లేదు. గుడి జీర్ణావస్థలో ఉంటే పట్టించుకునే దిక్కు లేని రోజులు కూడా ఆ రాముడు చూశాడు.

ఆ రోజుల్లో ముందుకొచ్చినాయన వావిలికొలను సుబ్బారావుగారు (1863-1936). మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ‘ఆంధ్ర వాల్మీకి’ అనిపించుకున్నారు. ‘వాసుదాసు’ అన్నా ఆయనే. అంతటి పండితుడు రాముడి గుడి కోసం టెంకాయ చిప్ప పట్టుకుని, ఊరూరా తిరిగి భిక్షమెత్తారు. వేసినవాళ్ళు వేశారు, వెయ్యనివాళ్ళు వెయ్యలేదు. ఆ డబ్బుతోనే గుడి బాగుపడింది. తర్వాత ఆ చిప్ప మీదే ఆయన ఒక శతకం రాశారంటే, దాన్ని ఎంత గౌరవించారో చూడండి!

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆయనకు రాముడి మీద నమ్మకం తక్కువా? ఉన్నదంతా నమ్మకమే. “గుడి నీది, నువ్వే కట్టుకో స్వామీ” అని కళ్ళు మూసుకుని కూర్చోవచ్చు. కూర్చోలేదు. నమ్మకం ఉంది కాబట్టే సిగ్గుపడకుండా చెయ్యి చాచగలిగారు. మనం దేవుణ్ణి నమ్ముకున్నామంటాం గానీ, ఆ చెయ్యి చాచడం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాం. పరువు అడ్డం వస్తుంది.

మాకు తెలిసిన ఒకావిడ సంగతి చెబుతాను. భర్త చిన్న వ్యాపారంలో దెబ్బతిన్నాడు. ఆవిడ నగలన్నీ బ్యాంకులో కుదువకు పోయాయి. పిల్లల ఫీజులు, వడ్డీలు, పైగా రాత్రిళ్ళు నిద్రపోకుండా మిద్దె మీద తిరిగే భర్త! ఆవిడ ఎన్ని చేసిందో! శుక్రవారాలు, ప్రదక్షిణలు, ముడుపులు, ఒంటిపూట భోజనాలు. రెండేళ్ళపాటు పుట్టింటికి మాత్రం ఒక్క మాట చెప్పలేదు. అక్కడికి వెళ్ళాల్సి వస్తే గిల్టు నగలు పెట్టుకుని వెళ్ళేది.

ఒకరోజు ఒంటిమిట్ట వెళ్ళి, దర్శనం చేసుకుని, మంటపంలో ఒక స్తంభానికి ఆనుకుని ఏడుస్తూ కూర్చుందట. పక్కనే ఉన్న ఒక ముసలామె, “ఏమ్మా, వచ్చినప్పట్నుంచి ఏడుస్తానే ఉండావు? ఏమొచ్చె?” అని అడిగింది. ముక్కూమొహం తెలియని మనిషి కదా, ఈవిడ అంతా చెప్పేసింది. ఆమె అంతా విని, “సామికి జెప్పుకుంటివి, బాగుండాది. మీ యన్నకు ఎప్పుడు జెప్తావు?” అందట.

ఆ రాత్రే అన్నకు ఫోన్ చేసింది. అన్న ముందు గట్టిగా కేకలేశాడు. అప్పు చేసినందుకు కాదు, రెండేళ్ళు చెప్పనందుకు! తెల్లవారి బస్సుకే వచ్చాడు. అప్పు ఒక్కరోజులో తీరిందా అంటే, లేదు. మూడేళ్ళు పట్టింది. ఒక గొలుసు వేలానికి పోయింది, తిరిగి రాలేదు. కానీ భర్త నిద్రపోయాడు. ఆ ఒక్క ముక్క చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు చెమర్చాయి.

“అయితే దేవుణ్ణి నమ్మినవాళ్ళకు కష్టాలు రావా?” అని మీరడగొచ్చు. వస్తాయండీ. 2021 నవంబరు 19న, సరిగ్గా కార్తీక పౌర్ణమినాడు, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు పొంగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళ మీద పడింది. ఇవి ఒంటిమిట్టకు దగ్గరి ఊళ్ళే. గుడిలో దీపాలు పెట్టుకుందామని వెళ్ళినవాళ్ళు కూడా ఆ నీళ్ళలో కొట్టుకుపోయారు. వాళ్ళ భక్తిలో ఏం లోపముందని? ఏమీ లేదు. కాబట్టి కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గరికెళ్ళి “ఏ పాపం చేశారో”, “నోము సరిగ్గా నోచలేదేమో” అనకండి. ఆ మాట వరద కంటే ఎక్కువ బాధపెడుతుంది. ఒక క్యారియర్ నిండా అన్నం పట్టుకెళ్ళండి, చాలు.

ఒంటిమిట్ట గర్భగుడిలో ఒక విశేషముంది. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, పక్కన హనుమంతుడు ఉండడు. ఆంజనేయుడు ఇంకా కలవకముందటి రాముడు కాబట్టి అలా ఉన్నాడని పెద్దలు చెబుతారు. అంటే ఈయన పట్టాభిషేకం నాటి రాముడు కాదు. రాజ్యం పోయి, అడవిలో తిరుగుతూ, సాయం చేసే బంటు కూడా ఇంకా దొరకని రాముడు! సీతమ్మకు దాహమైతే ఆయన బాణం వేసి నేలలోంచి నీళ్ళు తెప్పించాడనీ, అదే రామతీర్థమనీ అక్కడివాళ్ళ నమ్మకం. కష్టం తెలిసిన దేవుడి దగ్గర మన కష్టం చెప్పుకోవడం తేలిక కదూ!

అక్కడే ఇమాంబేగ్ బావి అని ఒకటుంది. 1640 ప్రాంతంలో ఇమాంబేగ్ అనే అధికారి ఒంటిమిట్ట వచ్చి, “పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా?” అని అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడన్నారట. ఆయన మూడుసార్లు పిలిస్తే, లోపలి నుంచి “ఓ” అని వినిపించిందని కథ. ఆ తర్వాత ఆయనేం చేశాడు? వచ్చేపోయే భక్తులకు నీళ్ళ కోసం బావి తవ్వించాడు. వానలు లేని ఈ సీమలో బావి తవ్వించడం కంటే పెద్ద పూజ ఏముంటుంది చెప్పండి? దేవుడు పలికాడని పొంగిపోయి ఊరుకోకుండా, పదిమంది దాహం సంగతి చూశాడు.

సరే, మరి మనం ఇంట్లో చేసుకోగలిగిందేమిటి?

అప్పు చేసి మొక్కు తీర్చకండి. కష్టంలో ఉన్నప్పుడు కొత్త మొక్కులు మొక్కి బరువు పెంచుకోకండి. దీపం పెట్టి, చేతనైతే ఒక పువ్వు పెట్టి, మనసులో మాట చెప్పుకుంటే ఆ రాముడు వద్దంటాడా?

జబ్బు చేస్తే విభూతి పెట్టండి, డాక్టరు రాసిచ్చిన మాత్రలూ వెయ్యండి. రెంటికీ పోట్లాట లేదు.

దేవుడికి చెప్పుకున్న మాట మనిషికి కూడా చెప్పండి. అందరికీ అక్కర్లేదు, నోరు జారని ఒక్క మనిషి చాలు. అన్నో, వదినో, చిన్ననాటి స్నేహితురాలో, ఎదురింటి పిన్నిగారో. భర్త చెయ్యి చేసుకునే ఇల్లయినా, అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడే ఇల్లయినా, బతకాలని లేదనిపించే రాత్రయినా సరే, గుట్టుగా ఉంచడం మాత్రం భక్తి కాదు. మీరు చెప్పేదాకా వాళ్ళకెలా తెలుస్తుంది?

ఇంకొకటి. మీ దగ్గరికి ఎవరైనా అలా వచ్చి చెప్పుకుంటే, ఆ పూట వంట కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు, కూర్చుని వినండి. డబ్బు ఇవ్వలేకపోవచ్చు. ఆ ముసలామె ఏమిచ్చింది, ఒక్క మాటేగా!

ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం చైత్రమాసంలో పున్నమి వెన్నెల రోజుల్లో రాత్రిపూట చేస్తారు. వీలైతే ఒకసారి చూసి రండి. వెళ్ళేటప్పుడు టెంకాయ తీసుకెళ్ళడం ఎలాగూ మరిచిపోరు. కొట్టాక మీకిచ్చిన చిప్పను మాత్రం ఒక్కసారి చేతిలో పట్టుకుని చూడండి. ఎవరినైనా ఒక మాట అడగడానికి మీరు ఇన్నాళ్ళూ మొహమాటపడుతుంటే, ఇంటికి రాగానే అడిగెయ్యండి.