సైకిలు మన కొలతకా, మనం సైకిలు కొలతకా?

మౌంటెన్ బైకు కొనబోయి మనవాళ్ళు అడిగేవి రెండే: గేర్లెన్ని? ముందు షాకబ్జార్బర్లున్నాయా? నా కొలతకు సరిపోతుందా అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. నేనూ అడగలేదు! వేరుశనగ అమ్మి నాన్న ఇచ్చిన డబ్బుతో 19 అంగుళాల ఫ్రేము కొన్నాను. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. "పొడుగవుతావులే బాబూ" అన్నాడు కొట్టాయన. ఇరవయ్యేళ్ళవాణ్ణి, ఇంకెక్కడ పొడుగవుతాను? నెల్లాళ్ళు భుజాలు పీకాయి. సీటు ఎత్తు దించుకోవచ్చు గాని ఫ్రేము పొడవు తగ్గించలేం కదా.

ఫోర్కు సంగతి మరీ అన్యాయం. గాలి ఫోర్కును బిగ్గట్టిగా కొట్టించి, అదే గొప్పనుకుంటారు. 100 మి.మీ. కదిలే ఫోర్కు మనం ఎక్కగానే 20-25 మి.మీ. దిగాలి. అలా దిగి ఉంటేనే గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి సాగి నేలను పట్టుకుంటుంది. ఫోర్కు కాలిమీది రబ్బరు రింగును కిందికి జరిపి, మెల్లగా ఎక్కి దిగి, రింగు ఎంత జరిగిందో స్కేలుతో కొలిస్తే చాలు. 50 కిలోలవాడికీ 80 కిలోలవాడికీ ఒకే గాలి ఎలా సరిపోతుంది? స్ప్రింగుకు బరువులు వేలాడదీసి రికార్డులు రాసిన మనకీ మాట ఒకరు చెప్పాలా? మా తాత బడికి పోలేదు గాని, నాగలి కట్టేముందు ఎడ్ల ఎత్తు చూసుకునేవాడు.

నా బండి ఇప్పుడు మా రూమ్మేటు తొక్కుతున్నాడు. వాడు ఆరడుగులు.