మూడేళ్ల నేలకు పదకొండు నెలల కౌలా?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ, అంటే కాయల బస్తా, విప్పగానే వ్యాపారి పిడికెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు, కాయ విరిచి తేమ చూస్తాడు, తాలు ఎంతుందో కంటితోనే లెక్క కడతాడు. ఆ తోటకు ఎన్నిసార్లు మందు కొట్టారని మాత్రం అడగడు. యార్డులో లెక్కకు రాని ఆ మందే పొలంలో రైతు నడుం విరగ్గొట్టే ఖర్చు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలితే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఎరువుల బస్తాలు, మందు డబ్బాలు, కోత కూలి, కౌలు అన్నీ కలిపి చూసుకున్న రైతుకు ఆ అంకె ఓదార్పుగా కూడా పనికిరాలేదు.

ఈ నల్లరేగడికి మందుల భారం కొత్త కాదు. 1987-88 నాటికి ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి చేల మీద తెల్లదోమ విరుచుకుపడింది. కాయతొలుచు పురుగు కోసమని సింథటిక్ పైరిత్రాయిడ్లు కొట్టీ కొట్టీ, దోమను తినే మిత్రపురుగుల్ని మన చేతులతోనే మట్టుబెట్టుకున్నాం. మందు పెరిగేకొద్దీ దోమ పెరిగింది, అప్పు రెంటినీ మించింది. పత్తి రైతుల ఆత్మహత్యల వార్తలు ఆ ఏడు ఇక్కడి నుంచే వెలువడ్డాయి. 2002లో బీటీ పత్తి వచ్చింది, 2006లో దాని రెండో తరం వచ్చింది. గులాబీ రంగు పురుగు కొన్నేళ్లలోనే రెండింటినీ జీర్ణం చేసుకుంది. 2021లో మిరప పూతలోకి నల్ల తామర పురుగు దిగింది. మందు మీద మందు కొట్టినవాళ్లు కూడా చివరికి తోటలు పీకేసుకున్నారు. ముప్పై నాలుగేళ్లలో పురుగు పేరు మారింది, డబ్బా మీది బొమ్మ మారింది. కొట్టులో ఖాతా పుస్తకం మారలేదు.

పురుగుకు మరో కొత్త మందు వెతకడం ఇక చాలు. మందు అవసరం తగ్గే పొలాన్ని తయారుచేసుకోవాలి, అది అర ఎకరమైనా సరే. అలాంటి పొలాల కోసం ఎక్కడికో పోయి చూడనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నడుపుతోంది. మహిళా పొదుపు సంఘాల మీదుగా అది ఊళ్లలోకి చేరింది. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థ తన అంతర్జాతీయ పురస్కారాన్ని ఈ కార్యక్రమానికీ పంచింది. లిస్బన్‌లో దొరికిన గౌరవం గుంటూరు యార్డులో ఎప్పుడు దొరుకుతుందో చూడాలి.

ఆ పొలం ఎలా మొదలవుతుంది? మే నెలలో, వాన పడకముందే, పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లుతారు. జొన్న, సజ్జ, అలసంద, పెసర, నువ్వు, ఆముదం, చేతికి ఏది దొరికితే అది. విత్తనానికి ముందుగా మట్టి, పేడ, బూడిద పట్టిస్తారు. తొలకరికి అవి మొలిచి నేలను కప్పేస్తాయి, పూతకు వచ్చేసరికి కలియదున్నితే ఆ పచ్చదనమే తర్వాత వేసే మిరపకు మేత. గట్ల వెంట మూడు వరుసల జొన్న, పత్తిలో కంది, మధ్యమధ్య బంతి, లద్దె పురుగును లాక్కునే ఆముదం. పాత కాపుల చేలల్లో ఇవన్నీ ఉండేవి. ఒకే పంట మోజులో పీకి పారేసింది మనమే. ఇక్కడ ఒక మాట అనక తప్పదు. మందు సీసా తీసేసి దాని స్థానంలో కషాయం సీసా పెట్టి, పొలమంతా ఒకే మిరప వేసి, అదే ప్రకృతి సేద్యమనుకునేవాళ్లు తయారయ్యారు. పై ముడత వస్తే ఒక కషాయం, కింది ముడత వస్తే ఇంకొకటి అన్న చోట కొట్టు బోర్డు మారిందే తప్ప పొలం మారలేదు.

మొదటి ఏడాది, రెండో ఏడాది దిగుబడి తగ్గవచ్చు. ఆ సంగతి దాచి రైతును దించడం మోసం. రసాయనాలకు అలవాటుపడ్డ నేల తేరుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుందనేది ఈ దారిన నడిచినవాళ్లు చెప్పే మాట. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క ఉత్తర్వుతో ఆపేసి, పంటలు దెబ్బతిని, ఆ ఏడాదిలోనే వెనక్కి తగ్గింది. కాబట్టి ఎవరి మెడ మీదా కత్తి పెట్టనక్కర్లేదు. ఉన్న మూడెకరాల్లో ఒక మూల అర ఎకరం విడదీసి మొదలుపెడితే నష్టం వచ్చినా ఇల్లు మునగదు.

కానీ ఆ అర ఎకరం ఎవరిది? అసలు ముడి ఇక్కడుంది. ఈ మైదానంలో మిరప, పత్తి వేసేవారిలో కౌలుదారులు ఎందరో. 2019 నాటి రాష్ట్ర చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం గడువు పదకొండు నెలలు. అది కూడా భూయజమాని ఒప్పుకుంటేనే. యాజమాన్యానికి ఏ భంగమూ లేదని చట్టంలో రాసి ఉన్నా సంతకం పెట్టడానికి చాలామందికి చెయ్యి రాదు. నేల తేరుకోవడానికి మూడేళ్లు, కౌలుకు పదకొండు నెలలు! ఈ ఏడు తాను పేడ తోలి బాగుచేసిన చేను వచ్చే ఏడు రెండు బస్తాలు ఎక్కువ పాడుకున్నవాడి పాలవుతుందని తెలిసిన మనిషి దానికి జీవామృతం ఎందుకు పోస్తాడు? యూరియా చల్లి, ఉన్నంతా పిండుకుని పోతాడు. తప్పు అతనిది కాదు.

పేడ కథ మరీ విడ్డూరం. ఎకరానికి జీవామృతం కలపాలంటే రెండు వందల లీటర్ల డ్రమ్ములో పది కిలోల పేడ, పది లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కావాలి. ఒంగోలు జాతిని ప్రపంచానికిచ్చిన గడ్డ ఇది. ఆ జాతి నెల్లూరు పేరుతో బ్రెజిల్‌లో మందలు మందలుగా మేస్తుంటే, దాని పుట్టింట్లో డ్రమ్ముకు సరిపడా పేడ కోసం పక్కూరు వెళ్లాల్సి వస్తోంది.

ప్రభుత్వం డబ్బు ఎటు పోతోందో కూడా చూడాలి. నలభై అయిదు కిలోల యూరియా సంచికి రైతు కట్టేది 266 రూపాయల 50 పైసలు. అసలు ఖరీదు దానికి కొన్ని రెట్లు, ఆ తేడా ఖజానా భరిస్తోంది. సంచి మానేసిన రైతు వల్ల మిగిలిన ఆ సొమ్ములో అతనికి నేరుగా చేరేదేదీ లేదు. 2024 నవంబరులో కేంద్రం 2,481 కోట్ల జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. మంచిదే. అంతటితో ఆగకుండా, యూరియా వదిలేసిన ఎకరానికి మిగిలిన రాయితీ మొత్తాన్ని మూడేళ్లపాటు సాగుదారు ఖాతాలో వేయాలి. యజమాని ఖాతాలో కాదు. మూడేళ్ల కౌలు రాసిచ్చిన యజమానికి రాష్ట్రం తన వంతు ప్రోత్సాహం ఇవ్వాలి, భూమి ఎక్కడికీ పోదని రెవెన్యూ శాఖే పూచీ పడాలి. యార్డులో ఒక షెడ్డు వేరుచేసి, మందు అవశేషాల పరీక్ష అక్కడే పెట్టి, ఆ పరీక్ష నెగ్గిన టిక్కీలను విడిగా వేలం వేయాలి.

ఇవి వానలు పడ్డాక ఆలోచించే పనులు కావు. ఈ పల్లెల్లో కౌలు మాటలు ఉగాది వెళ్లిన దగ్గర్నుంచి సాగుతాయి. నవధాన్యాలు మేలో దుక్కిలో పడాలి. మూడేళ్ల కౌలు కాగితం మీద సంతకం ఆ రెండింటి మధ్యే జరగాలి.