పంటి బిగువున

ల్యాబులో మాస్టారు గంభీరంగా పాఠం చెబుతుండగా, పక్కవాడి సెల్‌ఫోన్లో బ్రహ్మానందంగారి బొమ్మ కనబడిందనుకోండి. బుగ్గలు బిగించి, కళ్ళు పెద్దవి చేసి, లోపలున్నది బయటపడకుండా నానా తంటాలు పడుతున్న ముఖం. దాని కింద ఒకే వాక్యం: "అర్థమైందా అని మాస్టారు అడిగినప్పుడు మనం". ఇక చూస్కోండి మన అవస్థ! బొమ్మలో ఆయనా ఆపుకుంటున్నారు, బల్ల దగ్గర మనమూ ఆపుకుంటున్నాం. ఈ మీమ్స్ లేనిదే మనకు పూట గడవడం లేదు.

ఆ ముఖం మనకు పరాయిది కాదు. సినిమాల్లోకి వెళ్ళకముందు ఆయన మన పక్కనున్న అత్తిలిలో తెలుగు లెక్చరరు. మన నరసాపురంలో పుట్టిన జంధ్యాలగారు తీసిన 'అహ నా పెళ్ళంట!' 1987లో వచ్చింది. అందులోని అరగుండు వేషంతోనే ఆయన పేరు ఊరూరా మారుమోగింది. కోట శ్రీనివాసరావుగారు పిసినారి యజమాని, ఈయన నౌకరు. యజమాని ఎదుట అనలేనిదంతా ముఖంలోకి, గొణుగుడులోకి వచ్చేస్తుంది. ఆ పాత్ర బలమంతా అక్కడే ఉంది.

నేనూ పగలబడి నవ్వినవాణ్ణే. కిందటేడు దాళ్వా ధాన్యం అమ్మకానికి నాన్నతో వెళ్ళేదాకా.

ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదని నిబంధన. నాన్న రెండురోజులు ఎండలో నిలబడి ఆరబెట్టాడు. కొనేవాడొచ్చి గుప్పెడు గింజలు తీసి, ఒకటి కొరికి, "తడుందండి, తరుగు తియ్యాలి" అన్నాడు. నాన్న దవడలు బిగుసుకున్నాయి. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "సర్లెండి" అన్నాడు. అచ్చం ఆ ముఖమే! నాకు మాత్రం నవ్వు రాలేదు. పంటి బిగువున నేనూ ఆపుకున్నాను. నేనాపుకున్నది వేరు.

ఆనాటి నుంచి నాకొకటి తోస్తున్నది. ఆపుకోవడంలో రెండు రకాలున్నాయి. సెమినార్లో పల్లెటూరి కుర్రాడు ఇంగ్లీషు తడబడితే నవ్వు ఆపుకుంటాం చూడండి, అది మర్యాద. కాని రాత్రికి వాడి ఫొటో మీద మాటలు రాసి గ్రూపులో పెడితే ఆ మర్యాద గంగలో కలిసినట్టే. రెండోది భయం. అర్థం కాకపోయినా తల ఊపడం, అన్యాయమని తెలిసినా "సర్లెండి" అనడం. మొదటిది మనం నేర్చుకోవాలి, రెండోది మానుకోవాలి. మనం తిరగేసి చేస్తున్నాం. తోటివాడి దగ్గర ఆపుకోం, అడగవలసిన చోట ఆపుకుంటాం. మీమ్స్ వద్దని నేననను. ఆ బొమ్మను చూసి నవ్వేటప్పుడు, ఆ నోరు ఎందుకు మూతపడిందో కూడా ఒక్క క్షణం ఆలోచించమంటాను.

మొన్న సార్వాకి మళ్ళీ అదే గుప్పెడు, అదే కొరుకుడు. ఈసారి నేను, "మిషను పెట్టి చూపించండి" అన్నాను. గొంతు వణికిన మాట నిజం. ఆయన నాకేసి ఎగాదిగా చూసి మిషను తెప్పించాడు. 16 చూపించింది. తరుగు మాట మరి ఎత్తలేదు.

నాన్న అక్కడేమీ అనలేదు. ఇంటికొచ్చే దారిలో, కాలవగట్టు మీద, ఒక్కసారిగా నవ్వాడు. ఆపుకోలేదు.